అడవికి తీసుకెళ్లే కత్తి ఎలా ఎంచుకోవాలి? స్పెక్స్ చూసి కొని నేను నేర్చుకున్నది

ఫోన్ల కోసం ఈ సైట్‌కి వచ్చే మీకు ఇక్కడ కత్తి గురించి ఆర్టికల్ ఏంటి అనిపించొచ్చు. కానీ టెంట్లు, హెడ్‌ల్యాంపులు, పవర్ బ్యాంకుల గురించి మాట్లాడినప్పుడల్లా ఫ్రెండ్స్‌లో ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇదే: "బ్రో, మంచి సర్వైవల్ నైఫ్ ఒకటి చెప్పు." అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే ఒకటి కార్ట్‌లో పెట్టుకుని ఉంటారు. అది దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. నల్లటి పెద్ద బ్లేడ్, వీపు మీద రంపం పళ్లు, పిడిలో దిక్సూచి. నేను కూడా సరిగ్గా అదే కొన్నాను కాబట్టి నవ్వే హక్కు నాకు లేదు.

ముందు ఒక చిన్న క్లారిటీ. ఫిక్స్‌డ్ బ్లేడ్ అంటే మడత పడని కత్తి. బ్లేడ్, పిడిలోకి వెళ్లే ఇనుము రెండూ ఒకే ముక్క. బుష్‌క్రాఫ్ట్ అంటే అడవిలో దొరికే వాటితో నిప్పు, నీడ, చిన్న చిన్న పనిముట్లు చేసుకునే పనితనం. సినిమాల్లో చూపించినట్టు పులితో ఫైట్ చేయడం ఇందులో ఉండదు. తొంభై శాతం చెక్క పని. ఈ ఒక్క విషయం గుర్తుంటే సగం చెత్త కత్తులు లిస్ట్‌లోంచి వాటంతట అవే పోతాయి.

ఇప్పుడు నా కథ. కొన్నేళ్ల కిందట ఆఫీస్ ప్రాజెక్ట్ మీద స్వీడన్‌లో ఉన్నాను. అక్కడ అల్లెమన్స్‌రెట్టెన్ అని ఒక హక్కు ఉంది. ఇళ్లకు దూరంగా, ఏమీ పాడు చేయకుండా, ఎవరి అడవిలోనైనా ఒకటి రెండు రాత్రులు టెంట్ వేసుకోవచ్చు. పచ్చి చెట్టు కొమ్మ మాత్రం విరవకూడదు. అక్టోబర్‌లో ఒక వీకెండ్ నేనూ, ఒక స్వీడిష్ కొలీగూ డాలర్నా ప్రాంతానికి వెళ్లాం. నా బ్యాగ్‌లో ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేసిన కొత్త కత్తి. ఏడు అంగుళాల బ్లేడ్, ఆరు మిల్లీమీటర్ల మందం. పిడి లోపల డొల్ల, అందులో అగ్గిపుల్లలు, గాలం, సూది దారం. స్పెక్ షీట్ చూస్తే ఫ్లాగ్‌షిప్.

మధ్యాహ్నం మొదలైన వాన సాయంత్రానికీ ఆగలేదు. మూడు డిగ్రీల చలి. వేళ్లు మొద్దుబారిపోయి జిప్ కూడా లాగలేని స్థితి. బట్టలు తడిసి ఉన్నప్పుడు ఆ చలిలో నిప్పు లేకపోతే అది సరదా ట్రిప్ కాదు. కింద పడున్న కట్టెలన్నీ పైన తడి. లోపల పొడిగా ఉంటుంది కాబట్టి చీల్చి లోపలి చెక్క తీయాలి. కత్తిని కట్టె తల మీద పెట్టి, వీపు మీద దుడ్డుకర్రతో కొట్టాను. బాటనింగ్ అంటారే, అదే. ఒకటి, రెండు, మూడు. నాలుగో దెబ్బకి పిడి చేతిలో ఉంది, బ్లేడ్ కట్టెలో ఉంది. అదృష్టం కొద్దీ ముఖం మీదికి ఎగరలేదు.

కొలీగ్ ఏమీ అనలేదు. నడుముకి వేలాడుతున్న ప్లాస్టిక్ ఒరలోంచి ఎర్ర పిడి కత్తి ఒకటి తీశాడు. మోరా కంపెనియన్. అక్కడ హార్డ్‌వేర్ షాపుల్లో పెయింట్ బ్రష్‌ల పక్కన దొరికే రకం. పది సెంటీమీటర్ల కొంచెం పైన బ్లేడ్, మందం రెండున్నర మిల్లీమీటర్లు. మణికట్టంత లావు కట్టెల్ని చీల్చాడు. లోపలి పొడి చెక్కని పుల్లలుగా చేసి, ఒక్కో పుల్లని చివరిదాకా తెగకుండా పల్చటి ఉంగరాలుగా చెక్కుతూ పోయాడు. దీన్ని ఫెదర్ స్టిక్ అంటారు. ఐదారు ఫెదర్ స్టిక్స్, కొంచెం బర్చ్ చెట్టు బెరడు, ఒక నిప్పురవ్వ. పావుగంటలో మంట లేచింది. నేను ఆ కత్తి తీసుకుని ట్రై చేస్తే నాకు కూడా ఉంగరాలు వచ్చాయి. అంతకుముందు నా కత్తి బ్లేడ్ బాగున్నప్పుడు చెక్కితే పేళ్లు పేళ్లుగా ఊడొచ్చాయి తప్ప ఉంగరం రాలేదు. తేడా నా చేతిలో లేదు, బ్లేడ్ ఆకారంలో ఉంది.

అసలు స్పెక్: గ్రైండ్

కెమెరాకి మెగాపిక్సెల్స్ కంటే సెన్సర్, లెన్స్ ముఖ్యమని మనం ఎన్నిసార్లు చెప్పుకున్నాం? కత్తికి ఆ సెన్సర్ లాంటిది గ్రైండ్. అంటే వీపు నుంచి అంచు దాకా బ్లేడ్ ఏ ఆకారంలో సన్నబడుతుంది అన్నది. ప్రొడక్ట్ పేజీలో ఇది అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొన్నిసార్లు ఉండనే ఉండదు.

మోరా లాంటి వాటిది స్కాండీ గ్రైండ్. బ్లేడ్ పక్కలు చదునుగా వచ్చి, కింది భాగంలో ఒకేసారి వాలుగా మారి, ఆ వాలు నేరుగా అంచు దాకా వెళ్తుంది. మధ్యలో ఇంకో చిన్న వాలు ఉండదు. రెండు వైపులా కలిపి కోణం సుమారు 25 డిగ్రీలు. ఆ వెడల్పాటి వాలుని చెక్క మీద ఆనించి తోస్తే, వడ్రంగి చిత్రిక పట్టినట్టు పల్చగా లేస్తుంది. ఎంత లోతుకి వెళ్లాలో చెయ్యి ఇట్టే పట్టేస్తుంది. బిగినర్స్‌కి ఇంకో పెద్ద లాభం, సాన పట్టడం. వాలుని రాయి మీద చదునుగా ఆనిస్తే కోణం దానంతట అదే సెట్ అవుతుంది. మనం ఊహించి పట్టుకోవాల్సిన పని లేదు.

ఫ్లాట్ గ్రైండ్ అయితే వీపు దగ్గర్నుంచే సన్నబడుతూ వచ్చి, చివర్లో చిన్న రెండో వాలు ఉంటుంది. కూరగాయలు, మాంసం కోయడానికి స్కాండీ కంటే ఇదే బెటర్. స్కాండీతో క్యారెట్ కోస్తే కోసినట్టు ఉండదు, పగిలినట్టు ఉంటుంది. కాన్వెక్స్ గొడ్డలి అంచులా ఉబ్బుగా ఉంటుంది, చీల్చడానికి గట్టిది, కానీ సాన పట్టడం నేర్చుకోవడానికి టైమ్ పడుతుంది. హాలో గ్రైండ్ లోపలికి పుటాకారంగా ఉంటుంది. షేవింగ్ రేజర్‌కి బాగుంటుంది, చెక్కకి వద్దు. నా విరిగిన కత్తిది అదే.

మందం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా. ఎక్కువ మందం అంటే ఎక్కువ బలం అనుకుంటాం. నిజమే, కానీ ఆ బలం ఊడపెరకడానికి, గునపంలా వాడటానికి. కోతకి మందం శత్రువు. కా-బార్ వాళ్ల బెకర్ బీకే2 మంచి కత్తే, పావు అంగుళం మందం, బరువు ఒక పౌండు. దాంతో కట్టెలు చీల్చొచ్చు, అవసరమైతే గోడకి కూడా కొట్టొచ్చు. కానీ రెండు గంటలు కూర్చుని ఒక గరిటె చెక్కమంటే మణికట్టు దండం పెడుతుంది. నా లెక్కలో రెండున్నర నుంచి నాలుగు మిల్లీమీటర్ల మధ్య ఉంటే చాలు.

పొడవు? కెనడాలో బుష్‌క్రాఫ్ట్ నేర్పిన మోర్స్ కొచాన్‌స్కీ అనే ఆయన సలహా నాకు తెలిసినవాటిలో అన్నిటికంటే సింపుల్. బ్లేడ్ మీ అరచేతి వెడల్పు ఉంటే చాలు. దానికి సగమైనా, రెట్టింపైనా పర్వాలేదు. ఇంత పేరున్న మనిషి కూడా చవకైన మోరా కత్తులనే రికమెండ్ చేసేవాడు. 2019లో చనిపోయారు.

పిడి లోపల ఏముంది?

నా కత్తి ఎందుకు ఊడిపోయింది? బ్లేడ్ నుంచి పిడిలోకి వెళ్లే ఇనుముని టాంగ్ అంటారు. డొల్ల పిడి కత్తిలో టాంగ్ బెత్తెడు కూడా ఉండదు. డొల్లలో సామాన్లు పెట్టాలి కదా మరి. ఆ చిన్న ముక్కని గొట్టానికి బిగిస్తారు. కొట్టిన ప్రతి దెబ్బా సరిగ్గా ఆ జాయింట్ మీదే పడుతుంది. పిడిలో దిక్సూచి పెట్టడం కోసం పిడినే బలహీనం చేశారన్నమాట. ఇంతకీ ఆ దిక్సూచి ఉత్తరం కూడా సరిగ్గా చూపించలేదు.

ఫుల్ టాంగ్ అంటే ఇనుము పిడి చివరిదాకా వెళ్తుంది. కొన్నింటిలో పిడి అంచుల్లో బయటికి కనిపిస్తుంది కూడా. మోరా గార్‌బర్గ్ (2016లో వచ్చింది), ఈసీ-4 ఈ టైపే. ఫోరమ్ మేధావులు ఫుల్ టాంగ్ లేకపోతే అసలు కత్తే కాదంటారు. నేను ఒప్పుకోను. కంపెనియన్‌ది ఫుల్ టాంగ్ కాదు, ఇనుము పిడిలో కొంతవరకే వెళ్తుంది. అయినా మణికట్టంత లావు కట్టె దాకా బుద్ధిగా వాడితే నాకు ఇన్నేళ్లలో ఏమీ కాలేదు. ముడులున్న మొద్దుల్ని చీల్చాలంటే మాత్రం ఫుల్ టాంగ్ తీసుకోండి. లేదా చిన్న గొడ్డలి తీసుకోండి, అదే తెలివైన పని.

పిడి షేప్ గురించి ఎవరూ ఎక్కువ రాయరు, కానీ చేతులకి బొబ్బలు వచ్చేది దాని వల్లే. వేళ్ల కోసం గాడులు గాడులుగా చెక్కిన పిడి ఫొటోలో బాగుంటుంది. ఆ గాడులు డిజైనర్ వేళ్లకి సరిపోతాయి, మనవాటికి కాదు. కత్తిని తిరగేసి పట్టుకోవాల్సి వస్తే ఇంకా ఇబ్బంది. గుండ్రంగా, మధ్యలో కొంచెం ఉబ్బుగా, ప్లెయిన్‌గా ఉన్న పిడి తీసుకోండి. షాపులో పట్టుకుని చూసే ఛాన్స్ ఉంటే ఒక నిమిషం గట్టిగా బిగించి పట్టుకోండి. ఎక్కడైనా గుచ్చుకుంటే అదే చోట రేపు బొబ్బ.

ఇంకొకటి, కత్తి వీపు. మెగ్నీషియం రాడ్ అని మనవాళ్లు పిలిచే ఫెర్రో రాడ్‌ని గీకితే దాదాపు మూడు వేల డిగ్రీల రవ్వలు వస్తాయి. గీకడానికి వీపు అంచులు తొంభై డిగ్రీలకి పదునుగా కోసినట్టు ఉండాలి. గార్‌బర్గ్‌కి అలా ఉంటుంది. కంపెనియన్ వీపు కాస్త గుండ్రం కాబట్టి విడిగా స్క్రేపర్ వాడాలి, లేదా ఆకురాయితో వీపుని మనమే చదును చేసుకోవాలి. పదును వైపుతో మాత్రం గీకకండి, కష్టపడి పట్టిన సాన అంతా పది సెకన్లలో పోతుంది.

రంపం పళ్లు దండగ. దాంతో కొమ్మ కోసిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. బాటనింగ్ చేస్తే దుడ్డుకర్రని నమిలేస్తాయి. మడత రంపం ఒకటి విడిగా కొనండి.

స్టీల్ పేర్ల గోల

ఇక్కడే ఎక్కువ మంది టైమ్ వేస్ట్ చేస్తారు. 1095, డీ2, 440సీ, 14సీ28ఎన్. చిప్‌సెట్ పేర్లలా కంపేర్ చేసుకుంటూ కూర్చుంటారు. పేర్ల వెనక ఉన్నది కాస్త తెలిస్తే చాలు. 1095లో చివరి రెండు అంకెలు కార్బన్ గురించి చెప్తాయి, సుమారు 0.95 శాతం. ఇది తుప్పు పట్టే రకం, కానీ సాన తేలిగ్గా ఎక్కుతుంది. స్టెయిన్‌లెస్ అనాలంటే క్రోమియం కనీసం పదిన్నర శాతం ఉండాలి. గార్‌బర్గ్ స్టెయిన్‌లెస్ మోడల్‌లో వాడే 14సీ28ఎన్‌లో సుమారు 14 శాతం. డీ2లో దాదాపు 12 శాతం ఉన్నా అందులో చాలా భాగం కార్బైడ్లలో ఇరుక్కుపోతుంది కాబట్టి తేమకి మచ్చలు వస్తాయి. పైగా అడవిలో చిన్న రాయితో డీ2ని సాన పట్టడం అంటే ఓపిక పరీక్షే.

పేరు కంటే ముఖ్యం హీట్ ట్రీట్‌మెంట్. ఒకే చిప్‌సెట్ ఉన్న రెండు ఫోన్లలో ఒకటి గేమ్ ఆడితే కాలిపోతుంది, ఇంకోటి కూల్‌గా ఉంటుంది కదా, అలాగే. అదే స్టీల్‌ని ఒకరు సరిగ్గా కాల్చి చల్లారిస్తే అంచు నిలుస్తుంది, ఇంకొకరు చేస్తే వంగుతుంది లేదా పెళుసుగా విరుగుతుంది. బుష్‌క్రాఫ్ట్ కత్తులకి రాక్‌వెల్ స్కేల్ మీద 56 నుంచి 60 మధ్య గట్టితనం సరిపోతుంది. అందుకే పేరు తెలియని బ్రాండ్ పెద్ద స్టీల్ పేరు రాస్తే నేను నమ్మను, పేరున్న బ్రాండ్ మామూలు స్టీల్ రాస్తే కొంటాను. వైజాగ్, కాకినాడ వైపు ఉండేవాళ్లకి, వర్షాకాలం ట్రెక్‌లు చేసేవాళ్లకి నా ఓటు స్టెయిన్‌లెస్‌కే. తోలు ఒర కూడా వాళ్లకి వద్దు. తడిస్తే రెండు రోజులు ఆరదు, లోపల కత్తి ఆ తడిలోనే నానుతుంది. ప్లాస్టిక్ ఒర, అడుగున నీళ్లు కారే చిన్న రంధ్రం. అంతే.

డమాస్కస్ అని అలల డిజైన్‌తో వచ్చే చవక కత్తుల గురించి ఒక్క మాట. అసలు డమాస్కస్ కత్తులకి పేరు తెచ్చింది దక్షిణ భారతం నుంచి వెళ్లిన మూస ఉక్కు. దానికి పేరుపడ్డ ఊళ్లలో మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకటి. ఇప్పుడు ఆ పేరుతో అమ్మేవి రెండు రకాల స్టీల్‌ని మడిచి అతికించినవి. అన్నిటికంటే చవకైన వాటిలో ఆ అలలు పైన ముద్రించినవే. అందం కోసం కొంటానంటే మీ ఇష్టం.

మన అడవుల సంగతి

మోరా పుట్టింది పైన్, స్ప్రూస్, బర్చ్ లాంటి మెత్తటి చెట్ల దేశంలో. మన తుమ్మ, సరుగుడు వేరే లెవెల్. ఎండిన తుమ్మ కట్టె ముడి మీద స్కాండీ అంచు ఆనిస్తే చిన్న చిన్న పెచ్చులు లేచే ఛాన్స్ ఉంది. నేను ఇక్కడికి తిరిగొచ్చాక చేసింది ఏంటంటే, సాన పట్టిన తర్వాత చివర్లో కొంచెం కోణం పెంచి రెండు మూడు సార్లు రాయి మీద లాగడం. అంచు దగ్గర కంటికి కనిపించనంత చిన్న రెండో వాలు వస్తుంది. పదును రవ్వంత తగ్గుతుంది, కానీ నిలుస్తుంది.

మన ఊళ్లలో ఈ సమస్యకి సొల్యూషన్ ఎప్పుడో ఉంది. కమ్మరి దగ్గర లారీ కమాన్ పట్టీ ఇచ్చి కొడవలి, కత్తి చేయించుకుంటారు. అమెరికాలో పేరున్న కత్తుల తయారీదారులు వాడే 5160 కూడా స్ప్రింగ్ స్టీలే. ఇక పదును అంటే మా ఊరి గీత కార్మికుడిని చూడాలి. తాటి గెల మొవ్వని కాగితం మందాన చెక్కుతాడు, రోజూ. చెట్టెక్కే ముందు చెక్క పలక మీద కత్తిని నూరుకోకుండా ఎక్కగా నేను చూడలేదు. కత్తి ఖరీదు ఎంతో ఆయన ఎప్పుడూ చెప్పలేదు, నూరడం ఎలాగో మాత్రం చూపించాడు.

ఇప్పుడు సీరియస్ విషయం. ఆయుధాల నిబంధనల ప్రకారం తొమ్మిది అంగుళాల కంటే పొడవు లేదా రెండు అంగుళాల కంటే వెడల్పు బ్లేడ్ ఉన్న కత్తులు ఆయుధాల కేటగిరీలోకి వస్తాయి. ఇంటి, వ్యవసాయ, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాల కోసం చేసినవి మినహాయింపు. నాలుగు అంగుళాల కత్తితో ఆ గొడవ లేదు. కానీ అసలు గొడవ అడవిలో ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 31 ప్రకారం, ముందుగా రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్లకూడదు. ఆ చట్టంలో ఆయుధం అనే మాట నిర్వచనంలో కత్తి కూడా ఉంది. నేషనల్ పార్కులకీ ఇదే వర్తిస్తుంది. నల్లమల, అమ్రాబాద్, కవ్వాల్, పాపికొండలు అని రీల్స్ చూసి బయల్దేరేవాళ్లు ఇది రెండుసార్లు చదవండి. అక్కడ నిప్పు పెట్టడం వేరే నేరం. ప్రాక్టీస్ కావాలంటే తెలిసినవాళ్ల తోట, పొలం బెస్ట్. ఫ్లైట్‌లో అయితే చెక్-ఇన్ బ్యాగ్‌లోనే, ఒరలో పెట్టి.

మరి ఏది కొనాలి? మొదటి కత్తి అయితే కంపెనియన్ స్టెయిన్‌లెస్. ఇంపోర్ట్ రేటు స్వీడన్ రేటు కంటే ఎక్కువే పడుతుంది, అయినా వర్త్. కొంచెం రఫ్‌గా వాడతారంటే దాని హెవీ డ్యూటీ వెర్షన్ 3.2 మిల్లీమీటర్ల మందంతో ఉంది. ఆర్నెల్లు వాడాక కూడా ఇష్టం తగ్గకపోతే అప్పుడు గార్‌బర్గ్ గురించి ఆలోచించండి. మిగిలిన డబ్బుతో వెయ్యి గ్రిట్ రాయి ఒకటి కొనండి. సాన పట్టే ముందు వాలు మీద మార్కర్ పెన్‌తో రంగు పూసి, రెండు సార్లు రాయి మీద తోసి చూడండి. రంగు ఎక్కడ పోయిందో అక్కడే రాయి తగులుతోంది. అంచు దగ్గర రంగు మిగిలితే మీ కోణం తప్పు.

చెక్కడం నేర్చుకునేటప్పుడు ఒక్క రూల్ మర్చిపోవద్దు. కూర్చుని రెండు తొడల మధ్య చెక్కకండి. తొడ లోపలి వైపు పెద్ద రక్తనాళం ఉంటుంది, అడవిలో అది తెగితే ఆసుపత్రికి చేరే టైమ్ ఉండదు. మోకాళ్ల బయటికి, శరీరానికి దూరంగా తోయండి. కత్తి జారితే వెళ్లే దారిలో మీ చెయ్యి, పక్కవాడి కాలు ఉండకూడదు. నా ఎడమ బొటనవేలి మీద రెండు సెంటీమీటర్ల మచ్చ ఉంది. అది ఆ వానలో కాదు, ఇంట్లో సోఫాలో కూర్చుని టీవీ చూస్తూ పుల్ల చెక్కినప్పుడు వచ్చింది. బ్యాగ్‌లో కత్తి ఉంటే బ్యాండేజ్ కూడా ఉండాలి.

ఆ డొల్ల పిడి కత్తి బ్లేడ్ ఇంకా నా టూల్ బాక్స్‌లోనే ఉంది. పెయింట్ డబ్బాల మూతలు తీయడానికి ఆరు మిల్లీమీటర్ల మందం బాగా పనికొస్తోంది.